గృహవైద్యము – పేగుపూతయు మూలికలును



మన యిండ్లలో పోపులపెట్టెకును మందులపెట్టెకును నడుమ నెక్కువ దూరము లేదు. వాము, జీలకఱ్ఱ, శొంఠి, పసుపు, మెంతులు ఉదయము వంటకును, రాత్రి వైద్యమునకును పనికివచ్చుచుండును. బిడ్డకు కడుపునొప్పి వచ్చినను, మామగారికి అజీర్తి చేసినను మన చేయి మొదట పోవునది ఆ పెట్టె మీదికే. తల్లి కూతునకును, అత్త కోడలికిని నేర్పుచు వచ్చిన విద్య యిది. దీనిని చులకన చేయుట మా యుద్దేశము కాదు. అయితే రెండు దినములలో నెమ్మదించు అజీర్తికి చాలిన పద్ధతి, ఏండ్ల తరబడి మనిషిని వెన్నంటియుండు పేగుపూతకు గూడ చాలునా? ఈ మాసము మేము విచారింపదలచినది యిదియే.

ఇట్లు విచారించుటకు కారణము కలదు. ఈ వ్యాధి గలవారిలో పలువురు ఆసుపత్రి మందు మ్రింగుచునే ఆకుపసరులును, చూర్ణములును పుచ్చుకొనుచుందురు; ఆ సంగతి వైద్యునితో చెప్పరు. మఱికొందఱు చూర్ణము వలన కొంత సుఖము కనబడగానే ఆసుపత్రి మందు మానివేయుదురు, అదియు చెప్పరు. ఈ రెండు మౌనములలో మొదటిది చిక్కులు తెచ్చును, రెండవది ప్రాణము మీదికి తెచ్చును.

వ్యాధి యెట్టిది?

మనము పేగుపూత యని యొక్క మాటలో చెప్పుదానిలో ముఖ్యముగా రెండు వ్యాధులు కలవు. మొదటిది అల్సరేటివ్ కోలైటిస్. ఇది పెద్దపేగునకు మాత్రమే పరిమితమై, మలాశయము నుండి పైకి ప్రాకుచు, పేగు లోపొరను వాపుతోను, పుండ్లతోను నింపును. రెండవది క్రోన్స్ వ్యాధి. ఇది నోటి నుండి మలద్వారము వఱకు ఎచ్చటనైనను రావచ్చును. పేగు గోడను లోతుగా తినివేసి, దారిని ఇఱుకు చేయును. 1932వ సంవత్సరమున న్యూయార్కు వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనువారు దీనిని వర్ణించుటచే మొదటివాని పేరు దీనికి నిలిచినది. రెండింటను శరీరరక్షణకై యేర్పడిన శక్తియే దారి తప్పి, సొంత పేగు మీద విరుచుకుపడును. ఇవి తఱచుగా యౌవనములోనే మొదలగును. చదువు, వివాహము, సంతానము అను ముఖ్యఘట్టములన్నియు వచ్చు వయస్సున నీ వ్యాధియు వచ్చును.

కొన్నాళ్లు రగులుట, కొన్నాళ్లు అణగియుండుట దీని స్వభావము. ఈ స్వభావమే మనలను మోసగించును. తానై అణగిన దినమున పుచ్చుకొన్న చూర్ణమునకే ఆ ఘనత దక్కును గదా! అందువలన ఏ మందు నిజముగా పనిచేసినదో తెలిసికొనవలెనన్న ఒక్కరి యనుభవము చాలదు. ఒకవైపు మందును, ఇంకొకవైపు మందు వలె కనబడు ఉత్తి బిళ్ళనును ఇచ్చి పోల్చి చూడవలయును.

మొదట పేరు తెలియవలయును

విరేచనములో నెత్తురు కనబడగానే మనవారు “వేడి చేసినది” అందురు, లేదా మొలలందురు. ఆడువారు సిగ్గుచే ఆ మాటయు పైకి చెప్పక, నెలల తరబడి మజ్జిగయు మెంతులును నమ్ముకొని, రక్తహీనతచే పాలిపోవుదురు. నెత్తుటి విరేచనమునకు మొలలు కారణము కావచ్చును, అమీబా జిగట విరేచనములు కావచ్చును, పేగు క్షయ కావచ్చును, పేగుపూత కావచ్చును, పెద్దవయసులో కంతియు కావచ్చును. ఒకదానికి అమృతమైనది వేఱొకదానికి విషము. ముఖ్యముగా మన దేశమున పేగు క్షయయు క్రోన్స్ వ్యాధియు అచ్చముగా నొకదాని నొకటి పోలియుండును. క్షయ యుండగా వాపు తగ్గించు స్టిరాయిడు మందు నిచ్చినచో క్షయ పెచ్చుమీఱును. కావున పేగులోనికి గొట్టము పంపి చూచి, చిన్న తునుక తీసి పరీక్షించిన పిమ్మటనే వైద్యులు వ్యాధికి పేరు పెట్టుదురు. ఆ పరీక్షకు జంకవలదు.

మన పూర్వవైద్యులును ఈ భేదము లెఱుగనివారు కారు. చరకసంహితలో గ్రహణికి ఒక అధ్యాయమును, అతిసారమునకు వేఱొక అధ్యాయమును గలవు. నెత్తుటితో కూడిన దానిని రక్తాతిసారమని ప్రత్యేకించిరి. అయినను గ్రహణి యను ఒక్క పేరు క్రింద నేటి వ్యాధులు పెక్కు ఇమిడిపోవును. కావున “గ్రహణికి మంచిది” అని లేబిలు మీద నున్నంత మాత్రమున మీ యింటిలోని వ్యాధికి మంచిదని అర్థము కాదు.

ఏ మూలిక యెంతవఱకు?

ఇసబ్‌గోల్: గుజరాతు, రాజస్థానములలో విరివిగా పండు ఈ గింజలకు పేగుపూత విషయమున మంచి సాక్ష్యమే కలదు. 1999లో ప్రకటింపబడిన స్పెయిను దేశపు పరిశోధనలో, వ్యాధి అణగియున్న 105 మంది అల్సరేటివ్ కోలైటిస్ రోగులను మూడు జట్లు చేసిరి. ఒక జట్టునకు దినమునకు 20 గ్రాముల ఇసబ్‌గోల్ గింజలు, ఒక జట్టునకు మెసలమైన్ అను వాడుక మందు, ఒక జట్టునకు రెండును ఇచ్చిరి. ఏడాదిలో చికిత్స విఫలమైనవారు వరుసగా నూటికి 40, 35, 30 మంది. గింజలు మందునకు రమారమి సమానముగా నిలిచినవి. రెండును కలిసిన జట్టులో విఫలమైనవారు అందఱికంటె తక్కువ. దీని పీచు పెద్దపేగులో పులిసి, బ్యూటిరేట్ అను పదార్థమగును. అదియే పేగు లోపొరకు ఆహారము. అయితే ఇది వ్యాధి అణగియున్నప్పటి మాట. మఱియు క్రోన్స్ వ్యాధిచే పేగు ఇఱుకైనవారు దీనిని ముట్టరాదు. ఉబ్బిన పీచు దారికి అడ్డుపడును. పుచ్చుకొనువారు పెద్ద గ్లాసెడు నీటితో పుచ్చుకొనవలెను.

పసుపు: దీనిలోని పచ్చని సారమైన కర్క్యుమిన్ మీద 2006లో జపాను వైద్యులు 89 మందితో పరీక్ష చేసిరి. అందఱును తమ వాడుక మందును మానకుండిరి. దానికి తోడుగా దినమునకు 2 గ్రాముల కర్క్యుమిన్ పుచ్చుకొన్న 43 మందిలో ఆఱు నెలలలో ఇద్దఱికి మాత్రమే వ్యాధి తిరుగబెట్టినది. ఉత్తి బిళ్ళ పుచ్చుకొన్న 39 మందిలో 8 మందికి తిరుగబెట్టినది. 2015లో ప్రకటింపబడిన మఱియొక పరీక్షలో, మెసలమైన్‌తో పాటు దినమునకు 3 గ్రాములు పుచ్చుకొన్న 26 మందిలో 14 మందికి నెలలో వ్యాధి అణగినది. ఉత్తి బిళ్ళ పుచ్చుకొన్న 24 మందిలో ఒక్కరికిని అణగలేదు. చిన్న పరీక్షలైనను ఆశ కలిగించునవే. కాని గృహిణి ఇచ్చట నొక లెక్క వేసికొనవలయును. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ల ప్రాంతము. రెండు గ్రాముల సారమునకు సుమారు 65 గ్రాముల పసుపు కావలెను! కూరలో వేయు చిటికెడు పసుపు కూరకే. దానిని మందని భ్రమింపరాదు. పోనీ, మిరియపు సారము చేర్చి ఒంటికి ఎక్కువ పట్టునట్లు చేసిన బిళ్ళలు కొందామన్న, వాటివలన కాలేయము దెబ్బతిన్న రోగులను పలుదేశముల వైద్యులు చూచియున్నారు. నెత్తురు పలుచబఱచు మందులు వాడువారును, పిత్తాశయమున రాళ్లున్నవారును వైద్యుని అడుగకుండ వాడరాదు.

కలబంద: 2004లో లండను వైద్యులు 44 మందికి చేసిన పరీక్షలో, దినమునకు రెండుసార్లు 100 మిల్లీలీటర్ల గుజ్జురసము నాలుగు వారములు త్రాగిన 30 మందిలో 9 మందికి వ్యాధి అణగినది, ఉత్తి రసము త్రాగిన 14 మందిలో ఒకరికి అణగినది. గొట్టముతో చూచినపుడు మాత్రము రెండు జట్ల పేగులలో గణనీయమైన భేదము కనబడలేదు. ఇచ్చట నొక హెచ్చరిక గలదు. ఆకును కోయగానే తోలు క్రిందనుండి కాఱు పచ్చని చేదుపాలు వేఱు, లోపలి గుజ్జు వేఱు. ఆ పాలు ఎండినదే ముసాంబరము. అది తీవ్రవిరేచనకారి. పెరటిలోని ఆకును కోసి నూఱి త్రాగించువారు గుజ్జుతో పాటు దానిని గూడ త్రాగించుచున్నారని గ్రహింపవలయును.

నేలవేము, శల్లకి: నేలవేము సారమును 224 మంది కోలైటిస్ రోగులకిచ్చి, 2013లో ఫలితములు ప్రకటించిరి. దినమునకు 1800 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారిలో నూటికి 60 మందికి గుణము కనబడగా, ఉత్తి బిళ్ళతో 40 మందికి కనబడినది. ఉత్తి బిళ్ళతోనే నూటికి నలుబది మంది! వ్యాధి తానై తగ్గుట యెంతటి మాయ చేయునో ఈ సంఖ్యయే చెప్పుచున్నది. అటుపిమ్మట మొదలుపెట్టిన పెద్ద పరీక్షను లక్ష్యము నెఱవేఱదని తోచి 2014లో నిలిపివేసిరి. శల్లకి చెట్టు బంక కోలైటిస్‌నందు మేలు చేయునని మన దేశమున చేసిన చిన్న పరీక్ష 1997లో వెలువడినది. కాని జర్మనీలో క్రోన్స్ రోగులకు ఏడాదిపాటు ఇచ్చి చూడగా ఉత్తి బిళ్ళకంటె మిన్న కాలేదని 2011లో తేలినది.

మారేడు, కొడిసెపాల, మజ్జిగ: లేత మారేడుకాయ ముక్కలును, కొడిసెపాల పట్టయు అతిసారమునకు మన వైద్యమున తరతరములుగా వాడుకలో నున్నవి. పేగుపూతను ఇవి మాన్పునని నిర్ధారించు పెద్ద పరీక్షలు లేవు. మజ్జిగను గ్రహణిరోగికి శ్రేష్ఠమని చరకుడు మెచ్చుకొనెను. పాలు అఱుగనివారికి బాగుగా తోడుకొన్న పెరుగు నుండి చిలికిన మజ్జిగ సుఖముగా నఱుగుట సాధారణమే. అది ఆహారముగా మంచిది. మందునకు మారుగా మాత్రము కాదు.

నీలి నేర్పిన పాఠము

మూలిక కదా, మేలు చేయకున్నను కీడు చేయదు అనుమాట మన నోట తఱచుగా వినబడును. ఈ మాటను పరీక్షించి చూపినది నీలి. ఒకప్పుడు మన నెల్లూరు, కడప, కర్నూలు మండలములలో నీలిమందు పంట ప్రసిద్ధము. అది బట్టల రంగునకై పండించినది. చీనాదేశమున వేఱు జాతుల మొక్కల ఆకుల నుండి తీయు నీలిచూర్ణమును ఔషధముగా వాడుదురు. జపానులో దీనిని 86 మంది కోలైటిస్ రోగులకు ఎనిమిది వారములు ఇచ్చి చూచి, 2018లో ఫలితములు ప్రకటించిరి. మోతాదును బట్టి నూటికి 70 నుండి 81 మంది వఱకు గుణము పొందిరి. ఉత్తి బిళ్ళ పుచ్చుకొన్నవారిలో 14 మందికి మించలేదు. ఇంతటి ఫలము చూపిన మూలికలు అరుదు. అయినను ఆ పరీక్షను నడుమనే ఆపివేయవలసి వచ్చినది. ఏలయన, పరీక్షకు వెలుపల ఆఱు నెలలు తానుగా నీలి వాడుకొన్న రోగికి ఊపిరితిత్తుల ధమనులలో రక్తపుపోటు పెరిగినది. అది గుండెను క్రుంగదీయు రోగము. జపాను ఆరోగ్యశాఖ 2016 డిసెంబరులోనే హెచ్చరిక జారీచేసినది.

మేలు చేయగల బలము గలదానికి కీడు చేయు బలమును ఉండును. ఆకైనను, బిళ్ళయైనను ధర్మ మొక్కటే. కనుక మూలికను గౌరవించుట యన్న దానిని మందుగా నెంచి, మోతాదు, కాలము, హెచ్చరిక తెలిసి వాడుటయే.

దూరముగా నుంచవలసినవి

గ్రహణికి రసపర్పటి యను మందు ప్రసిద్ధము. ఇది పాదరసమును గంధకమును కలిపి చేయునది. ఆకు కాదు, అలము కాదు. దీనిని సొంతముగా వాడుట మూత్రపిండములతో చెలగాటమాడుట. 2004లో అమెరికాలోని బోస్టను ప్రాంతపు అంగళ్లలో దొరకిన 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా 14 మందులలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో ఉన్నట్లు తేలినది. సీసము ఒంటబట్టిన కడుపునొప్పి వచ్చును. అప్పుడు వ్యాధియే పెరిగినదని మఱింత మందు పోయుదురు! పేరులేని పొట్లములలోని చూర్ణములలో స్టిరాయిడును రహస్యముగా కలిపిన సందర్భములును వైద్యులు బయటపెట్టియున్నారు. రెండు దినములలో అద్భుతముగా తగ్గించు చూర్ణమును చూచినచో సంతోషించుటకు ముందు సందేహింపుడు. సునాముఖి మొదలగు విరేచనకారులును పూత రగులుచున్నప్పుడు తగవు. ఒంటినొప్పులకు తోచినట్లు మ్రింగు నొప్పిబిళ్ళలు గూడ పూతను రేపగలవు.

వాడుక మందును మానరాదు

ఆసుపత్రి మందనగానే మూలికకు విరోధి యని తలంపనక్కఱలేదు. కోలైటిస్‌నకు మొదటి గొప్ప మందైన సల్ఫాసలజీన్‌ను లోకమునకు అందించినది ఒక స్త్రీ. స్వీడను దేశపు నానా స్వార్ట్స్ 1937లో ప్రొఫెసరు పదవి పొందెను; ఆ దేశపు ప్రభుత్వ విద్యాలయములలో ఆ గౌరవము పొందిన మొదటి మహిళ ఆమెయే. కీళ్లవాతమునకై చేయించిన ఈ మందు పేగుపూతకు గూడ గుణమిచ్చుట గమనించి, 1942లో ఆమె ప్రకటించెను. అందులో పేగుపై పనిచేయు భాగము శాలిసిలిక్ ఆమ్లపు బంధువు. ఆ ఆమ్లము పేరు వచ్చినది విల్లో చెట్టు లాటిను నామము నుండియే. చెట్టు నుండి బిళ్ళ వఱకు నడచిన దారి యిది. అందులో కొలత చేరినది, పరీక్ష చేరినది, అంతే భేదము.

అణగియున్నప్పుడును మందు వాడుట ఎందులకని కొందఱడుగుదురు. పైకి బాధ లేకున్నను లోపల పూత మెల్లగా రగులుచుండవచ్చును. ఏండ్ల తరబడి రగిలిన పెద్దపేగున పుట్టకురుపు పుట్టు భయమును కలదు. అందువలననే ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట నియమముగా గొట్టపు పరీక్ష చేయించుకొండని వైద్యులు చెప్పుదురు. సంతానము కోరు సోదరీమణులు మఱింత జాగరూకత వహింపవలెను. వ్యాధి అణగియున్న కాలమున గర్భము ధరించుట తల్లికిని బిడ్డకును మేలు. కడుపుతో నుండగా పూత రగులుటయే చాలామందులకంటె నెక్కువ ప్రమాదకరము. మెథోట్రెక్సేట్ వంటి మందులను ముందుగానే మార్పించుకొనవలయును. సల్ఫాసలజీన్ వాడువారు ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనవలయును. ఇవన్నియు వైద్యునితో మాటలాడి చేయవలసినవి. గర్భవతులు నేలవేము, కలబంద, నీలి మొదలగువాటి జోలికి పోకుండుటే క్షేమము.

ఇంట పాటింపవలసిన క్రమము

ఒక చిన్న పుస్తకము పెట్టుకొనుడు. దినమునకు ఎన్నిసార్లు విరేచనమైనది, నెత్తురు పడినదా, రాత్రి నిద్రలేపినదా, బరువెంత, ఏమి తింటిరి, ఏ మందు, ఏ మూలిక పుచ్చుకొంటిరి అనునవి వ్రాయుడు. మూలిక వాడదలచిన అణగియున్న కాలముననే, ఒకసారికి ఒక్కదానినే, వైద్యునికి చెప్పియే మొదలుపెట్టుడు. మూడింటిని కలిపి మొదలుపెట్టినచో మేలు చేసిన దేదో, కీడు చేసిన దేదో తెలియదు. వైద్యుని యొద్దకు పోవునపుడు సీసాలును పొట్లములును సంచిలో వేసికొని పొండు. కోపపడునేమో యని దాచవలదు. కోపపడినను ఆయనకు తెలియుటయే మీకు క్షేమము.

పూత రగులునప్పుడు మెత్తని అన్నము, జావ, పప్పుకట్టు వంటివి కొంచెము కొంచెముగా తినిపింపుడు; నీరును ఉప్పును తగ్గనీయకుడు. దినమునకు ఆఱుసార్లు గాని అంతకెక్కువగాని నెత్తుటి విరేచనములై, దానితో జ్వరము 100 డిగ్రీలు దాటినను, నాడి నిమిషమునకు 90కి మించి కొట్టుకొన్నను, అది చూర్ణము వెదకు సమయము కాదు. ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలయును. కడుపు ఉబ్బి గట్టిపడినను, వాంతులై గాలి సయితము కదలకున్నను ఒక్క గడియయు ఆలస్యము చేయరాదు.

కడపటి మాట అత్తలకును తల్లులకును. ఇంటిలో నొక కోడలు మాటిమాటికి దొడ్డికి పోవుచున్నదని విసుగుకొనకుడు. విందులకు రానన్నదని నిష్ఠురమాడకుడు. సిగ్గు వలన దాగిన నెత్తురే యీ వ్యాధికి పెద్ద బలము. “ఏమమ్మా, ఒంట్లో ఎట్లున్నది?” అని పెద్దవారు చల్లగా అడిగిననాడు ఆ సిగ్గు సగము తొలగును. పెట్టెలోని మూలిక తోడుగా నడచునుగాక. దారి చూపు పని మాత్రము పరీక్షించి చూచిన వైద్యునికే విడువుడు.